మెదోవిక్: రష్యన్ల తేనె పొరల కేక్ ఇంట్లో చేసుకునే పద్ధతి

మెదోవిక్ చేయడం కష్టమని చాలామంది దాని జోలికే పోరు. ఫొటోలో ఎనిమిది పొరలు కనిపించగానే టెన్షన్ మొదలవుతుంది. నిజానికి చపాతీ ఒత్తడం వచ్చినవాళ్ళకి ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. తేనె కలిపిన పిండిని పల్చగా ఒత్తి, ఒక్కో పొరను విడిగా కాల్చి, మధ్యలో పుల్లటి మీగడ క్రీమ్ రాస్తూ పేర్చడమే పని. కావలసిందల్లా ఓపిక. ఎందుకంటే ఈ కేక్ ఓవెన్‌లో సగమే తయారవుతుంది. ఓవెన్ నుంచి వచ్చిన పొరలు కరకరలాడే బిస్కెట్లే. క్రీమ్‌లోని తడిని రాత్రంతా పీల్చుకుని, ఫ్రిజ్‌లో మెత్తబడ్డాకే అవి కేక్ అవుతాయి. తేనెకు తడిని పట్టి ఉంచే గుణం ఉంది కాబట్టి, ఒకసారి మెత్తబడిన పొర మళ్ళీ తొందరగా ఎండిపోదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి మెట్టు ఎందుకో దానంతటదే అర్థమవుతుంది.

దీని వెనక ఉన్న కథ

రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ 1 భార్య ఎలిజవేతా అలెక్సేయెవ్నాకు తేనె అంటే గిట్టేది కాదట. ఆ సంగతి తెలియని ఒక కుర్ర వంటవాడు తేనెతో పొరల కేక్ చేసి వడ్డిస్తే, ఆవిడ ఇష్టంగా తిని, అందులో ఏముందో తెలిశాక కూడా మెచ్చుకుందట. రష్యాలో అందరూ చెప్పుకునే ఈ కథకు రాతపూర్వకమైన ఆధారం లేదు. ఆ చక్రవర్తి పాలన 1801 నుంచి 1825 వరకు. ఇప్పటి మెదోవిక్‌కు ప్రాణం వంటసోడా. అది అప్పటికి వంటింటి సరుకు కాలేదు, అమెరికాలో దాని వ్యాపారం మొదలైందే 1846లో. కాబట్టి రాణిగారు ఏదైనా తేనె కేక్ తిని ఉండొచ్చు గానీ మనం చేసుకునేది అది కాదు. మనకు తెలిసిన రూపం సోవియట్ ఇళ్ళలో స్థిరపడింది. ఇప్పుడు రష్యాలోనే కాదు, ఉక్రెయిన్, లిథువేనియా, ఆర్మేనియాల్లో కూడా దీన్ని తమ ఇంటి కేక్‌గానే చూస్తారు. చెక్ దేశంలో ఈ కేక్‌ను పెట్టెల్లో పెట్టి అమ్మే మార్లెంకా కంపెనీని ప్రారంభించింది కూడా ఆర్మేనియా నుంచి వెళ్ళిన గెవోర్గ్ అవెటిస్యానే.

ఆగస్టు 14న రష్యన్ ఆర్థడాక్స్ చర్చిల్లో కొత్త తేనెను దీవించే పండుగ జరుగుతుంది. మెదోవిక్ ఆ రోజు వంటకమే అనిపిస్తుంది గానీ, సరిగ్గా ఆ రోజే వాళ్ళకి రెండు వారాల ఉపవాసం మొదలవుతుంది. ఉపవాసంలో గుడ్డు, పాలు, మీగడ నిషిద్ధం. నియమం పాటించే ఇళ్ళలో కొత్త తేనె ఇంట్లోనే ఉన్నా ఈ కేక్ కోసం రెండు వారాలు ఆగాల్సిందే.

తేనె ఎలాంటిది కావాలి

లేత రంగు తేనెతో చేస్తే తీపి వస్తుంది, తేనె రుచి రాదు. రష్యాలో లిండెన్ పూల తేనె లేతగా, బక్‌వీట్ తేనె నల్లగా ఘాటుగా ఉంటాయి. ఘాటు ఇష్టపడేవాళ్ళు రెండోదాన్ని ఎంచుకుంటారు. మనకు ఆ పని అడవి తేనె చేస్తుంది. 1956 నుంచి విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ, మన్యం గిరిజనులు సేకరించిన తేనెను కొని అమ్ముతుంది. అలాంటి ముదురు తేనె దొరికితే వదలకండి. సూపర్ మార్కెట్‌లో దొరికే లేత తేనె ఒక్కటే ఉంటే దానికీ దారి ఉంది, పిండి దగ్గర చెబుతాను.

తేనెను వేడి చేయకూడదని ఆయుర్వేదం చెబుతుంది. ఆ నియమం గట్టిగా పాటించే ఇల్లు మీదైతే ఈ కేక్ మీకు కుదరదు, ఇందులో తేనె ఉడకక తప్పదు. మరో జాగ్రత్త: ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. కేక్‌లో కాలిన తేనె అయినా సరే, పెట్టొద్దు.

మీగడ: కేక్ రుచంతా ఇక్కడే ఉంది

రష్యన్లు వాడేది స్మెతాన, అంటే పులియబెట్టిన చిక్కటి మీగడ. రష్యాలో వైద్యం చదువుతున్న మన పిల్లలకి అది ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మన ఊళ్ళలో దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. కానీ మీగడకు తోడు పెట్టడం మనకు తెలిసిన పనే కదా. వెన్న తీయడానికి మన ఇళ్ళలో చేసేది అదే. చిలకడం ఒక్కటీ మానేస్తే స్మెతాన చేతిలో ఉన్నట్టే. అయితే వారం రోజులు కూడబెట్టిన మీగడ పనికిరాదు. దాని వాసన, పులుపు కేక్‌లో తేనెను తొక్కేస్తాయి. తాజా క్రీమ్‌తోనే చేయాలి.

25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ ఒక లీటరు తీసుకోండి. గోరువెచ్చగా చేసి, కమ్మటి పెరుగు మూడు టేబుల్ స్పూన్లు కలిపి, మూత పెట్టి కదపకుండా ఉంచండి. ఎండాకాలంలో ఆరేడు గంటల్లో తోడుకుంటుంది, చలికాలంలో పది పన్నెండు గంటలు పట్టొచ్చు. గిన్నె వంచితే కారకుండా, కొంచెం కదలుతూ ఉండాలి. పులుపు ఇక్కడే మీ చేతిలో ఉంటుంది: నాలుకకు తెలిసేంత పులుపు ఉండాలి, పళ్ళు పులిసేంత కాదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి చల్లారనిచ్చి, పల్చటి బట్టలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లోనే ఆరు గంటలు వేలాడదీయండి. ఎంత నీరు దిగుతుందనేది క్రీమ్‌ను బట్టి ఉంటుంది. చివరికి 750 నుంచి 800 గ్రాముల చిక్కటి మీగడ ఉంటే చాలు.

అంత తీరిక లేకపోతే చిక్కటి పాలతో తోడుపెట్టిన పెరుగు లీటరున్నర వడకట్టండి, సుమారు అర కిలో గట్టి పెరుగు వస్తుంది. దానికి 400 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమ్ కలుపుకోవచ్చు. రుచి కొంచెం తేలికవుతుంది, అయినా బాగుంటుంది. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు: బేకరీ సామాను కొట్లలో అమ్మే నాన్ డైరీ విప్పింగ్ క్రీమ్ వద్దు. అది నూనెతో చేసింది, పైగా ముందే తీపి. తేనె తీపికి ఎదురు నిలిచే పులుపు లేకపోతే రెండో ముక్క తినబుద్ధి కాదు.

కావలసినవి (20 సెంటీమీటర్ల కేక్, ఎనిమిది పొరలు)

పొరలకు:
- తేనె 100 గ్రాములు (ఐదు టేబుల్ స్పూన్లు)
- పంచదార 150 గ్రాములు
- వెన్న 60 గ్రాములు
- గుడ్లు 3, ఫ్రిజ్ నుంచి ముందే తీసి ఉంచినవి
- వంటసోడా ఒక టీస్పూన్, చెంచా అంచుకు సమంగా
- ఉప్పు పావు టీస్పూన్
- మైదా 400 గ్రాములు, ఒత్తేటప్పుడు చల్లడానికి ఇంకొంచెం

క్రీమ్‌కు:
- పైన చెప్పిన వడకట్టిన పుల్లటి మీగడ 750 నుంచి 800 గ్రాములు
- డైరీ విప్పింగ్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు
- పొడి చేసిన పంచదార 150 గ్రాములు

తూకం మిషన్ ఉంటే వాడండి. మైదా కప్పుల లెక్కలో 50 గ్రాములు అటూ ఇటూ అవడం చాలా తేలిక, ఆ 50 గ్రాములే పొరను గట్టిగా చేస్తాయి.

ఆదివారం తినాలంటే శుక్రవారం రాత్రి మీగడకు తోడు పెట్టండి. శనివారం పొద్దున దాన్ని చల్లార్చి మూట కట్టి, మధ్యాహ్నం పొరలు కాల్చి, సాయంత్రం పేర్చండి.

పిండి

అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె తీసుకోండి. పెద్దదని ఎందుకంటున్నానో సోడా వేసినప్పుడు తెలుస్తుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. ముదురు తేనె అయితే తేనె, పంచదార, వెన్న, ఉప్పు కలిపి, మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద పెట్టి, పంచదార కరిగేదాకా తిప్పండి. లేత తేనె అయితే ముందు తేనెను ఒక్కదాన్నే సన్నని సెగ మీద నేరుగా కాచండి. మూడు నాలుగు నిమిషాల్లో నురగ వచ్చి, రంగు ముదిరి, కాలిన బెల్లం వాసన లీలగా తగులుతుంది. అప్పుడు వెన్న వేస్తే కాగడం నెమ్మదిస్తుంది, ఆ తర్వాత పంచదార, ఉప్పు వేసి నీళ్ళ గిన్నె మీదికి మార్చండి. శాన్ ఫ్రాన్సిస్కోలో ట్వెంటియత్ సెంచురీ కెఫే నడిపిన మిషెల్ పొల్జిన్ చేసిన తేనె కేక్‌కు పేరు తెచ్చింది ఇలా ముదరకాచిన తేనే. పొగ వచ్చిందంటే మాత్రం ఆ తేనె చేదెక్కినట్టే, మళ్ళీ మొదలుపెట్టండి.

పంచదార పలుకులు దాదాపు కరిగాక వంటసోడా ఉండలు లేకుండా చల్లి, ఆపకుండా తిప్పండి. తేనెకు సహజంగానే పులుపు ఉంది. అది సోడాతో కలవగానే గ్యాస్ పుట్టి మిశ్రమం తెల్లగా పొంగి రెట్టింపు అవుతుంది. ఇక్కడ తొందరపడి దించేయొద్దు. నీళ్ళ గిన్నె మీదే మూడు నాలుగు నిమిషాలు తిప్పుతూ ఉంటే ఆ తెల్ల నురగ ముందు లేత పసుపు, తర్వాత బంగారు రంగు, చివరికి ఇటుక ఛాయకు దగ్గరగా వస్తుంది. సోడా వల్ల మిశ్రమం క్షార గుణానికి తిరుగుతుంది, అందుకే నీళ్ళ ఆవిరి వేడికే అంత రంగు తేలుతుంది. కేక్ రంగూ, ఆ లోతైన రుచీ ఈ నాలుగు నిమిషాల్లోనే పుడతాయి.

దించి, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వరకు చల్లారనివ్వండి. గుడ్లు బాగా గిలక్కొట్టి సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో గట్టిగా తిప్పండి. వేడి ఎక్కువైతే గుడ్డు ఉడికి పలుకులు కడుతుంది. తర్వాత జల్లించిన మైదాను మూడు విడతలుగా కలపండి. పిండి చేతికి అంటుకుంటూ మెత్తగా ఉంటుంది, చపాతీ పిండిలా రాదు. అది చూసి ఇంకా మైదా వేయాలనిపిస్తుంది. వేయకండి. చల్లారితే అదే గట్టిపడుతుంది.

మైదా చల్లిన బల్ల మీద పిండిని ఎనిమిది భాగాలు చేయండి, ఒక్కోటి 105 గ్రాముల దాకా వస్తుంది. ఉండలు చేసి, గాలి తగలకుండా మూసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అంతకన్నా ఎక్కువ సేపు ఉంటే గట్టిపడి ఒత్తేటప్పుడు పగులుతుంది. అలా అయితే పది నిమిషాలు బయట పెడితే సర్దుకుంటుంది.

ఒత్తడం, కాల్చడం

ఓవెన్ లేదా ఓటీజీని 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయండి. బటర్ పేపర్ మీదే పిండి చల్లి, ఉండను పెట్టి, అప్పడాల కర్రతో 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. పేపర్ మీదే ఒత్తితే పొరను ఎత్తే పని తప్పుతుంది, పేపర్‌తో సహా ట్రేలోకి జరపొచ్చు. 20 సెంటీమీటర్ల గిన్నె మూత పెట్టి చూసుకోండి, అంతకన్నా కొంచెం పెద్దదిగా ఉండాలి. ఫోర్కుతో అక్కడక్కడా పొడిస్తే బుడగలు రావు.

ఒక్కో పొరకు ఐదు నుంచి ఆరు నిమిషాలు చాలు. చిన్న ఓటీజీల్లో వెనకవైపు వేడి ఎక్కువ ఉంటుంది కాబట్టి మూడో నిమిషంలో ట్రేను ఒకసారి తిప్పండి. పొరంతా సమంగా తేనె రంగులోకి రావాలి. వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉంటుంది, చింతించకండి, బయటికి రాగానే నిమిషంలో గట్టిపడుతుంది. ఆ నిమిషం లోపలే మూత అంచుతో నొక్కి గుండ్రంగా కోసేయాలి. పచ్చిపిండి కాలేటప్పుడు కొంత ముడుచుకుంటుంది కాబట్టి, కాల్చాక కోస్తేనే ఎనిమిదీ ఒకే కొలతలో వస్తాయి. అంచు ముక్కలన్నీ ఒక పళ్ళెంలో దాచండి.

ఓవెన్ లేనివాళ్ళు పెనం మీద చేసుకోవచ్చు. రష్యాలో కూడా పెనం మీద చేసే మెదోవిక్ ఉంది. మందపాటి పెనం, బాగా సన్నని సెగ, పైన మూత, ఒక్కో వైపు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. తేనె, పంచదార ఉన్న పిండి చపాతీ కన్నా చాలా త్వరగా మాడుతుంది, అందుకే పెనం దగ్గర నుంచి కదలొద్దు.

పొరలు చల్లారాక అంచు ముక్కల్ని మళ్ళీ నాలుగు నిమిషాలు కాల్చి, చల్లార్చి, మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి. సన్నని రవ్వ కొంత, కాస్త పెద్ద పలుకులు కొన్ని ఉంటే కేక్ పైన బాగుంటుంది. పొరలను ఇక్కడ ఆపేసి గాలి చొరబడని డబ్బాలో వారం దాకా దాచుకోవచ్చు. ఇంట్లో ఫంక్షన్ ఉంటే ఇది పెద్ద వెసులుబాటు.

క్రీమ్ కలపడం, పేర్చడం

విప్పింగ్ క్రీమ్, గిన్నె రెండూ బాగా చల్లగా ఉండాలి. పంచదార పొడి వేసి, గరిట ఎత్తితే కొన మెత్తగా వంగేంత వరకు గిలక్కొట్టండి. ఇంకా ముందుకెళ్తే వెన్న విడిపోతుంది. దీన్ని వడకట్టిన మీగడలో రెండు విడతలుగా చేత్తోనే కలపండి. ఈ క్రీమ్ కేక్ షాపుల క్రీమ్ అంత గట్టిగా ఉండకూడదు, చెంచా నుంచి నెమ్మదిగా జారాలి. పొరలు తడి పీల్చుకోవాలంటే క్రీమ్‌లో ఇవ్వడానికి తడి ఉండాలి కదా.

పళ్ళెం మధ్యలో ఒక చెంచా క్రీమ్ పూసి మొదటి పొర పెట్టండి, లేకపోతే కేక్ జారుతుంది. ఒక్కో పొర మీద 100 గ్రాముల క్రీమ్, మధ్యలో ఎంత మందమో అంచులో కూడా అంతే మందం. చాలామంది అంచును వదిలేస్తారు, రెండో రోజు గట్టిగా ఉండేది ఆ అంచే. ప్రతి పొరను అరచేత్తో తేలిగ్గా నొక్కండి. కేక్ పక్కకు ఒరుగుతుంటే చుట్టూ ప్లాస్టిక్ షీటు పెట్టి స్ప్రింగ్‌ఫామ్ రింగు (అడుగు విడిగా ఊడే కేక్ టిన్ను చుట్టు గోడ) బిగించండి. మిగిలిన క్రీమ్‌తో పైనా పక్కలా పూసి, రవ్వ చల్లండి. పక్కలకి అరచేతిలో కొంచెం రవ్వ తీసుకుని కింది నుంచి పైకి అద్దుతూ రావాలి. చెర్రీలు, చాక్లెట్ తురుము లాంటివి దీనికి అక్కర్లేదు. పైన రవ్వ ఉన్న కేక్ కోసినప్పుడు కనిపించే పొరలే దాని అందం.

రష్యాలో పేర్చాక గంటా రెండు గంటలు బయట ఉంచి తర్వాత ఫ్రిజ్‌లో పెడతారు. మన ఎండలకి అది వద్దు, నేరుగా ఫ్రిజ్‌లోకే వెళ్ళాలి. కనీసం 12 గంటలు, వీలైతే 24. ఉల్లి, వెల్లుల్లి వాసనలు మీగడకు ఇట్టే పడతాయి కాబట్టి పెద్ద డబ్బా బోర్లించి పెట్టండి. ఆరేడు గంటలకే కోసి చూద్దామనిపిస్తుంది. అప్పుడు కోస్తే పొరలు కత్తికి ఎదురు తిరిగి క్రీమ్ పక్కలకి ఉబుకుతుంది. సిద్ధమైన కేక్‌లో కత్తి ఒకే ఊపులో కిందిదాకా దిగుతుంది.

తినడం

కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, ఒక కోత కోసి మళ్ళీ తుడవండి. సన్నటి ముక్కలు చాలు, ఈ కేక్ 12 మందికి హాయిగా సరిపోతుంది. రష్యాలో దీనితో పాలు లేని నల్ల టీ తాగుతారు. చిన్న కెటిల్‌లో చిక్కటి టీ డికాషన్ కాచి, కప్పులో కొంచెం పోసుకుని వేడినీళ్ళు కలుపుకుంటారు, మన ఫిల్టర్ కాఫీకి డికాషన్ తీసి ఉంచుకున్నట్టే. పక్కన ఒక నిమ్మ చక్రం. మన పాల టీలో పంచదార ఎక్కువ కాబట్టి కేక్ రుచి తెలియదు. పంచదార తగ్గించిన ఫిల్టర్ కాఫీ మాత్రం దీనికి బాగా జతవుతుంది, ఆ చేదు ముదురు తేనెకు సరిపోతుంది.

తేడా వస్తే

మర్నాటికీ పొరలు గట్టిగానే ఉంటే మందంగా ఒత్తి ఉంటారు, లేదా క్రీమ్ మరీ గట్టిగా ఉంది. ఇంకో 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలా వరకు సర్దుకుంటుంది. సబ్బు రుచి తగిలితే సోడా ఎక్కువైంది. కేక్ పక్కకు జారితే మీగడ సరిగ్గా వడకట్టలేదు.

గుడ్డు లేకుండా, కండెన్స్‌డ్ మిల్క్‌తో

గుడ్డు తినని ఇళ్ళలో మూడు గుడ్ల బదులు 120 గ్రాముల పుల్లటి మీగడ వేయండి, వెన్న 100 గ్రాములకు పెంచండి. ఆ పులుపు సోడాను ఇంకొంచెం పొంగిస్తుంది. పొరలు కాస్త పెళుసుగా వస్తాయి, ఎత్తేటప్పుడు జాగ్రత్త. క్రీమ్ పట్టాక తేడా పెద్దగా తెలియదు.

సోవియట్ ఇళ్ళలో ఉడికించిన కండెన్స్‌డ్ మిల్క్‌తో క్రీమ్ చేయడం కూడా పాత పద్ధతే. మూత తీయని డబ్బాను నీళ్ళలో గంటల తరబడి మరిగించేవారు. నీళ్ళు ఇగిరిపోయి డబ్బా పేలి వంటింటి కప్పుకు అంటుకున్న కథలు అక్కడ ఎన్నో. మీరు ఆ పని చేయొద్దు. డబ్బాలోని పాలను స్టీలు గిన్నెలోకి ఒంపి, గట్టిగా మూతపెట్టి, కుక్కర్‌లో నీళ్ళు పోసి సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచండి, పాలకోవా రంగుకు వస్తుంది. పూర్తిగా చల్లారాక 100 గ్రాముల మెత్తటి వెన్నతో గిలక్కొట్టి, పుల్లటి మీగడ 500 గ్రాములు కలపండి. పంచదార వేరే అక్కర్లేదు. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. నాకు మాత్రం వట్టి మీగడతో చేసిందే ఇష్టం, అందులో తేనె స్పష్టంగా తెలుస్తుంది.

ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది, రుచి బాగా కుదిరేది రెండో రోజు, మూడో రోజు. ముక్కలుగా కోసి ఒక్కోదాన్ని విడిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా ఉంటుంది. తినే ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చుకుంటే చాలు.